కీబోర్డు మాటిమాటికీ ఫ్రీజ్ అవుతోందా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

టైప్ చేస్తుండగా కీబోర్డు ఉన్నట్టుండి ఆగిపోతుంది, కాసేపటికి తనంతట తానే పనిచేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఇలా అయితే చాలామంది నేరుగా కొత్త కీబోర్డు కొనేస్తారు, లేదా షాపులో ఫార్మాట్ కొట్టాలంటే సరే అనేస్తారు. దయచేసి తొందరపడకండి. ఆగిపోయింది కీబోర్డా, దాని కనెక్షనా, విండోసా అన్నది ఇంట్లోనే పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు.

ఫ్రీజ్ అయిన ఆ క్షణంలోనే క్యాప్స్ లాక్ నొక్కి దాని లైటు చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే కీబోర్డు బాగానే ఉంది, మీరు టైప్ చేస్తున్న ప్రోగ్రామే ఇరుక్కుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో ఆ ప్రోగ్రామ్‌ను ఎండ్ చేయండి. లైటు మారకపోగా మౌస్ కూడా కదలడం లేదంటే సిస్టమ్ మొత్తం హ్యాంగ్ అయినట్టే, ఆ లోపం వేరే చోట వెతకాలి. మౌస్ మామూలుగా తిరుగుతూ కీబోర్డు ఒక్కటే పలకకపోతే కింద చెప్పేవి మీకోసమే.

మొదట ఫిల్టర్ కీస్ అనే విండోస్ సెట్టింగ్. కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కి ఉంచితే విండోస్ దీన్ని ఆన్ చేయాలా అని అడుగుతుంది, ఏదో ఆలోచిస్తూ వేలు షిఫ్ట్ మీదే ఉంచేసి, వచ్చిన బాక్సు చదవకుండా ఎంటర్ కొట్టేస్తే అంతే, ఇక మామూలు వేగంతో కొట్టిన అక్షరాలను విండోస్ లెక్కచేయదు. గుర్తుపట్టడం తేలిక: ఏదైనా అక్షరాన్ని ఒకట్రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే అప్పుడు పడుతుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లోకి వెళ్ళి ఫిల్టర్ కీస్ ఆఫ్ చేయండి, దాని షార్ట్‌కట్ కూడా తీసేయండి. ఇది తెలియక మంచి కీబోర్డులు పారేసేవాళ్ళున్నారు, నిజంగా బాధేస్తుంది.

కాసేపు ముట్టుకోకుండా వదిలేశాకే ఫ్రీజ్ అవుతుంటే, కరెంటు ఆదా కోసం విండోస్ యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చుతోందేమో చూడండి. డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్ భాగాల జాబితా చూపే విండోస్ టూల్) యూఎస్‌బీ రూట్ హబ్ మీద డబుల్ క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో పవర్ ఆదాకు డివైస్‌ను ఆపొచ్చు అన్న టిక్కు తీసేయండి. రూట్ హబ్‌లు ఎన్ని కనిపిస్తే అన్నింటికీ ఇదే చేయాలి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను కూడా డిజేబుల్ చేయండి (కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇది కనిపించదు, ఫర్వాలేదు). డెస్క్‌టాప్ అయితే కీబోర్డును యూఎస్‌బీ హబ్‌కో (ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసే డబ్బా) ముందువైపు పోర్టుకో కాకుండా వెనక మదర్‌బోర్డు పోర్టుకే పెట్టండి.

వైర్‌లెస్ కీబోర్డుకు బ్యాటరీ మార్చడం ఎలాగూ చేస్తారు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు అడ్డం పడతాయి, మీ డాంగిల్ (కీబోర్డు సిగ్నల్ అందుకోడానికి యూఎస్‌బీలో పెట్టే చిన్న రిసీవర్) పనిచేసేది సాధారణంగా ఆ ఫ్రీక్వెన్సీ మీదే. డాంగిల్‌ను నల్లగా ఉండే పాత 2.0 పోర్టులోకి మార్చండి, లేకపోతే చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ తగిలించి కీబోర్డుకు దగ్గరగా పెట్టండి.

అప్పటికీ ఆగుతుంటే డివైస్ మేనేజర్‌లో కీబోర్డును అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి, డ్రైవర్‌ను విండోసే మళ్ళీ వేసుకుంటుంది. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే చేయాలి, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ (కంప్యూటర్ త్వరగా ఆన్ అయ్యేందుకు విండోస్‌లో ఉండే సెట్టింగ్) ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు. పాస్‌వర్డ్ దగ్గరే ఇరుక్కుంటే టెన్షన్ పడకండి, లాగిన్ స్క్రీన్‌లో కుడి కింద ఉన్న యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కితే ఆన్ స్క్రీన్ కీబోర్డు వస్తుంది, మౌస్‌తో కొట్టేయొచ్చు.

చివరగా బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్ స్క్రీన్) వెళ్ళి, అక్కడ బాణం గుర్తుల కీలతో కాసేపు అటూ ఇటూ తిరగండి. అక్కడ విండోస్ ఉండదు కాబట్టి, అక్కడా ఆగిపోతే తప్పు హార్డ్‌వేర్‌దే. ఎవరిదైనా వైరున్న కీబోర్డు అడిగి తెచ్చి అదే పోర్టుకు పెట్టండి. అదీ ఆగితే పోర్టు చూపించుకోవాలి, అది బాగా పనిచేస్తే ఇక కొత్త కీబోర్డు కొనుక్కోవచ్చు.