టీమ్ రిపోలో పాత బ్రాంచ్‌లను భయం లేకుండా తీసేయడం ఎలా?

మీ టీమ్ కోడ్ ఉండే గిట్ రిపోలో బ్రాంచ్‌ల లిస్ట్ తెరిస్తే లాగిన్-ఫిక్స్, లాగిన్-ఫిక్స్-2, లాగిన్-ఫిక్స్-ఫైనల్ అని వరసగా కనిపిస్తున్నాయా? ఏది వాడుకలో ఉందో, ఏది ఎప్పుడో మెయిన్ అనే ప్రధాన బ్రాంచ్‌లో కలిసిపోయిందో ఎవరికీ గుర్తుండదు, తీసేద్దామంటే మాత్రం ఎవరి కోడ్ పోతుందోనని అందరికీ టెన్షన్. నిజానికి గిట్‌లో బ్రాంచ్ అంటే కోడ్ కాపీ కాదు, ఒక కమిట్‌ని (గిట్‌లో సేవ్ చేసిన మార్పుని) చూపించే గుర్తు మాత్రమే. మామూలుగా అది 40 అక్షరాల కమిట్ ఐడీ ఉన్న ఒక్క లైను, అంతే. బ్రాంచ్ తీసేస్తే పోయేది ఆ గుర్తే, మెయిన్‌లో కలిసిన కమిట్లు ఎక్కడికీ పోవు.

ముందు గిట్ ఫెచ్ --ప్రూన్ కొట్టండి. సర్వర్‌లో డిలీట్ అయిపోయినా మీ దగ్గర ఆరిజిన్ (సర్వర్ రిపోకి మామూలుగా ఉండే పేరు) పేరుతో ఇంకా వేలాడుతున్నవి పోతాయి, మీ లోకల్ బ్రాంచ్‌ల జోలికి మాత్రం ఇది రాదు. తర్వాత మెయిన్‌కి మారి, పుల్ చేసి (సర్వర్‌లోని కొత్త మార్పులు తెచ్చుకుని), గిట్ బ్రాంచ్ --మెర్జ్‌డ్ కొట్టండి. మెయిన్‌లో కలిసిపోయినవి కనిపిస్తాయి, వాటిలో మెయిన్, డెవలప్, రిలీజ్ లాంటివి వదిలేసి మిగతావి గిట్ బ్రాంచ్ -డి తో తీసేయొచ్చు. ఈ చిన్న డి (d) జాగ్రత్తగా ఉంటుంది, మెయిన్‌లో కలవని, సర్వర్‌కి కూడా పంపని పని కనిపిస్తే ఆగిపోతుంది. పెద్ద డి (D) అలా కాదు, ఏమీ అడగకుండా తీసేస్తుంది. చిన్నది కుదరదంటే చిరాకుపడి వెంటనే పెద్దది కొట్టకండి, ఎందుకు కుదరదందో చూడండి.

చాలామంది ఇరుక్కునేది స్క్వాష్ మెర్జ్ దగ్గర. మీ 7 కమిట్లు మెయిన్‌లోకి ఒకే కొత్త కమిట్‌గా వెళ్తాయి, పాత ఏడింటికీ దానికీ గిట్ లెక్కలో సంబంధం ఉండదు, అందుకే ఆ పని ప్రొడక్షన్‌లో నడుస్తున్నా బ్రాంచ్ మెర్జ్‌డ్ లిస్ట్‌లోకి రాదు. అప్పుడు గిట్ బ్రాంచ్ -వివి కొట్టి, పక్కన 'గాన్' అని ఉన్నవి చూడండి, అంటే సర్వర్‌లో దాని జోడీ బ్రాంచ్ లేదని. పుల్ రిక్వెస్ట్ (మీ బ్రాంచ్‌ని మెయిన్‌లో కలపమని పెట్టిన అభ్యర్థన) తెరిచి మెర్జ్ అయిందని కళ్లారా చూసుకుని, ఆ తర్వాత చేసిన కమిట్లేవీ మీ లోకల్‌లో మిగల్లేదని తేలాకే పెద్ద డి వాడండి.

సర్వర్ మీదవి తీసేటప్పుడు కమాండ్ కన్నా మనుషులు ముఖ్యం. ఒకసారి నేను ఎవరినీ అడక్కుండా పాతవన్నీ తీసేస్తే, అందులో సెలవులో ఉన్న సహోద్యోగి సగం చేసిన పని ఉంది. ఆయన లాప్‌టాప్‌లో లోకల్ బ్రాంచ్ అలాగే ఉండబట్టి మళ్లీ పుష్ చేసుకోగలిగాం. అప్పటినుంచి చివరి కమిట్ తేదీ, చేసినవాళ్ల పేరుతో లిస్ట్ తయారుచేసి టీమ్ గ్రూపులో పెట్టి, వారం ఆగుతున్నాను. పుల్ రిక్వెస్ట్ ఇంకా ఓపెన్‌గా ఉంటే ముట్టుకోకండి, గిట్‌హబ్‌లో బ్రాంచ్ పోతే ఆ రిక్వెస్ట్ కూడా మూసుకుపోతుంది. అనుమానం ఉన్నదానికి ఒక ట్యాగ్ (ఆ కమిట్‌కి కదలని పేరు) పెట్టి, ఆ ట్యాగ్‌ని పుష్ చేశాక, గిట్ పుష్ ఆరిజిన్ --డిలీట్ పక్కన బ్రాంచ్ పేరు కొట్టండి.

పొరపాటున లోకల్‌లో అవసరమైనది పోయిందా? డిలీట్ చేసినప్పుడు టెర్మినల్‌లో బ్రాంచ్ పేరు పక్కనే బ్రాకెట్లో చిన్న కమిట్ ఐడీ వస్తుంది. గిట్ బ్రాంచ్, పాత పేరు, ఆ ఐడీ కలిపి కొడితే చాలు, వెనక్కి వస్తుంది. టెర్మినల్ మూసేసి ఉంటే గిట్ రెఫ్‌లాగ్‌లో (మీ మెషీన్‌లో ఏ కమిట్ల మీద ఉన్నారో గిట్ రాసుకునే చిట్టాలో) వెతకండి, కానీ ఆలస్యం వద్దు, ఏ బ్రాంచ్‌కీ అందని కమిట్ల ఎంట్రీలు మామూలుగా 30 రోజులే ఉంటాయి.

ఇక రెండు సెట్టింగ్‌లు. గిట్‌హబ్‌లో మెర్జ్ అయిన బ్రాంచ్ దానంతటదే డిలీట్ అయ్యే ఆప్షన్ ఆన్ చేయండి, మీ మెషీన్‌లో ఫెచ్.ప్రూన్‌ని ట్రూ చేయండి. అడ్మిన్ హక్కులు లేకపోతే మొదటిది టీమ్ లీడ్‌ని అడగండి, పెట్టడానికి నిమిషం పట్టదు.