బొమ్మ కొయ్యబారితే, బిల్లు ఆగిపోతే: ఫ్రీలాన్స్ కామిక్ ఆర్టిస్టుకు సమస్య - పరిష్కారం

కామిక్ పనిలో తప్పు కనబడేది ఒకచోట, పుట్టేది ఇంకోచోట. ఇంకు వేశాక బయటపడిన లోపం చాలాసార్లు పెన్సిల్ కన్నా ముందే, పేజీ అమరిక చూసుకోవడానికి వేసే అగ్గిపెట్టెంత చిత్తుబొమ్మలోనే, అంటే థంబ్‌నెయిల్‌లోనే ఉంటుంది. ఆగిపోయిన బిల్లుకు కారణం మొదటి ఫోన్ మాటల్లోనే ఉంటుంది. అందుకే కింద ఏ సమస్య చదివినా, తప్పు కనబడిన చోటే రబ్బరు పట్టుకుని కూర్చోకుండా ఒక మెట్టు వెనక్కి వెళ్ళి చూడండి.

సమస్య: రఫ్‌లో ప్రాణం ఉంది, ఫైనల్‌లో బొమ్మ కొయ్యబారింది

రఫ్‌లో పరిగెత్తే పిల్లాడు నిజంగానే పరిగెత్తుతుంటాడు. ఇంకు పూర్తయ్యేసరికి ఒక కాలెత్తి నిలబడిపోతాడు. రఫ్ వేసేటప్పుడు మన చెయ్యి కదలికను వెంబడిస్తుంది, ఇంకు వేసేటప్పుడు కింద ఉన్న గీతను వెంబడిస్తుంది. గీత తప్పుతుందేమోనన్న భయంతో మణికట్టు ఒక్కదానితోనే ముక్కలుముక్కలుగా లాగుతాం. ట్యాబ్లెట్ మీద నాలుగింతలు జూమ్ చేస్తే మరీ చెడుతుంది. మోకాలు కనబడుతుంది గాని మనిషి కనబడడు.

రఫ్‌ను లేత నీలంలోకి మార్చి, కనీకనబడనంత పలచగా ఉంచండి. దాని మీద దిద్దకండి, దాన్ని చూస్తూ మళ్ళీ గీయండి. మెడ నుంచి మడమ దాకా వెళ్ళే పెద్ద గీతను ముందు వెయ్యాలి, అదీ భుజం నుంచి, ఒక్క ఊపులో. చెడితే ఆ గీత మొత్తం తీసేసి మళ్ళీ లాగండి గాని అతుకులు వెయ్యకండి. వేళ్ళు, కళ్ళు, గుండీలు చివర్న. శరీరం మొత్తం తెర మీద కనబడేంత జూమ్ దాటవద్దు.

ఇది చేతికి అలవాటు కావాలంటే బస్టాండ్‌ను మించిన బడి లేదు. విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో ఓ గంట కూర్చోండి. బస్సు కోసం చూసే మనిషి బరువంతా ఒక కాలి మీద వేస్తాడు, కాసేపటికి రెండో కాలికి మారుస్తాడు. చంకలో బిడ్డ ఉన్న తల్లి నడుము ఎటు వంగుతుందో, గోనెసంచి మోసేవాడి మెడ ఎటు వాలుతుందో చూడండి. మనిషికి ఒక్క నిమిషం, పెన్నుతోనే, రబ్బరు లేకుండా. ఎవరైనా ఇబ్బంది పడుతున్నట్టు కనిపిస్తే వెంటనే ఆపెయ్యాలి. అది మన మర్యాద.

సమస్య: పాత్ర ఫ్రేము ఫ్రేముకీ వేరే మనిషి అయిపోతోంది

ఆ ముఖం మీకు ఒక్క కోణంలోనే తెలుసు, సాధారణంగా ముప్పావు వంతు పక్కకు తిరిగిన కోణంలో. పని మొదలుపెట్టకముందే ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి, కిందినుంచి చూసినట్టు గీసిన షీటు ఒకటి గోడకు అంటించుకోండి. పక్కన ఇంకో పాత్రను నిలబెట్టి ఎత్తులు గుర్తు పెట్టుకోండి.

తర్వాత బొమ్మంతా నల్లగా నింపి చూడండి. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుణ్ణి తలుచుకోండి: భుజాన శవం, చేతిలో కత్తి, ముందుకు పడిన అడుగు. నల్లటి నీడగా మార్చినా ఎవరో చెప్పగలం. మీ పాత్ర ఆ పరీక్షలో నిలవకపోతే ముక్కు దిద్ది లాభం లేదు, జుట్టు ఆకారం, బట్టల ఆకారం, నిలబడే తీరు మార్చాలి.

సమస్య: కథ మన ఊరిది, వెనకాల ఇల్లు మాత్రం ఎక్కడిదో

నెట్‌లో దొరికిన ఫొటోలు చూసి నేపథ్యం గీస్తే ఇలాగే అవుతుంది. అరుగు, పసుపు రాసిన గడప, పెంకుల కప్పు, దాని మీద డిష్ యాంటెన్నా, గోడకు కరెంటు మీటరు, పెరట్లో నీలం నీళ్ళ డ్రమ్ము: వీటిని ఎదురుగా కూర్చుని గీసినవాళ్ళ పేజీ చూడగానే తెలిసిపోతుంది. రోజూ స్కెచ్ చేయడం కుదరడం లేదనేవారికి కూడా మందు ఇదే. రేపు ఏం గీయాలో రాత్రే ఒక్క వస్తువు రాసి పెట్టుకోండి: సైకిల్ పంపు, హవాయి చెప్పులు, గ్యాస్ బండ. పొద్దున కంప్యూటర్ తెరవకముందు పదిహేను నిమిషాలు, గీతలు లేని చౌక నోటుపుస్తకంలో. ఖరీదైన స్కెచ్‌బుక్ కొంటే పేజీ పాడవుతుందని చెయ్యి ఆగుతుంది.

సమస్య: బెలూన్‌లో (మాటల బుడగలో) తెలుగు పట్టడం లేదు

బొమ్మంతా అయ్యాక మాటలు దూర్చడమే దీనికి మూలం. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ‘రాష్ట్రం’ అన్న మాట చూడండి, ష కింద ట ఒత్తు, ర ఒత్తు రెండూ కావాలి. పంక్తులు దగ్గరికి లాగితే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని పొడుస్తుంది. పైగా మన మాటలు పొడుగు, విభక్తులూ క్రియలూ అతుక్కుని వస్తాయి. సన్నటి నిలువు బెలూన్ మనకు పనికిరాదు.

థంబ్‌నెయిల్ దశలోనే సంభాషణ మొత్తం అచ్చయ్యే సైజులో టైపు చేసి పేజీ మీద పెట్టండి. దాని చుట్టూ వెడల్పాటి బెలూన్ గీయండి. మిగిలిన జాగాలో మనుషుల్ని నిలపండి. ముందు మాట్లాడేవాళ్ళు ఎడమ వైపు, కాస్త పైన. మాటను మధ్యలో విరిచి కింది పంక్తిలోకి తోయకండి. ఒక బెలూన్‌లో పదిహేను మాటలు దాటితే నేను రెండుగా విడగొడతాను, లేదా రచయితతో మాట్లాడి తగ్గిస్తాను.

ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఫాంటును తిట్టుకోనక్కర్లేదు. అక్షరాల సెట్టింగుల్లో సౌత్ ఏషియన్ లేదా వరల్డ్-రెడీ అన్నదానికి మార్చండి, పేరు వర్షన్‌ను బట్టి ఉంటుంది. అక్షరాలు పిచ్చి గుర్తులుగా వస్తే, స్క్రిప్టును ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో టైపు చేసి ఉంటారు, దాన్ని అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు బాగానే పనిచేస్తాయి. ‘ధబ్’, ‘ఫట్’ లాంటి చప్పుళ్ళు మాత్రం చేత్తోనే రాయండి, అవి బొమ్మలో భాగం.

సమస్య: అచ్చులో గీత మసక, రంగు వెలవెల

నలుపు-తెలుపు గీతకు 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), రంగు పేజీకి 300 ఉండాలి, కాగితం కోసే అంచు దాటి 3 మి.మీ. దాకా రంగు వెయ్యాలి. తెర మీద మెరిసే నీలం, ఊదా సీఎంవైకేలో, అంటే అచ్చుకు వాడే నాలుగు ఇంకుల పద్ధతిలో, చప్పబడతాయి కాబట్టి రంగులు వేసేటప్పుడే ఆ ప్రివ్యూ పెట్టుకోండి. అక్షరాలు ఒక్క నలుపు ప్లేటు మీదే ఉండాలి. నాలుగు రంగుల నలుపైతే ప్లేట్లు కాస్త కదిలినా అక్షరం చుట్టూ రంగు అంచు వస్తుంది.

వానాకాలంలో ఇంకు పాకుతోందంటే కాగితం తేమ పట్టింది. ప్లాస్టిక్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో దాచి, ముందుగా ఒక మూల గీసి చూసుకోండి.

సమస్య: రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరి

బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్ళయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటూ ఉండొచ్చు. ఉంగరం వేలు, చిటికెన వేలయితే మోచేతి దగ్గర కావచ్చు, బల్ల అంచుకు మోచెయ్యి ఆనిస్తున్నారేమో చూసుకోండి. పెన్ను పట్టు వదులు చేయండి, అరగంటకోసారి లేవండి. తిమ్మిరి వారం దాటితే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. గడువు పేరుతో దీన్ని వాయిదా వేయకండి, దయచేసి.

సమస్య: కరెక్షన్లు ఆగవు, డబ్బు రాదు

ఈ రెండూ ఒకే చెట్టు కాయలు. నా మొదటి పెద్ద పని, ఇరవై నాలుగు పేజీలు, ఫోన్లో మాట మీదే మొదలుపెట్టాను. రంగులు కూడా అయ్యాక నాయిక వయసు మార్చమన్నారు. ఆ పనికి సగం డబ్బే చేతికొచ్చింది. ఇప్పుడు థంబ్‌నెయిల్స్, పెన్సిల్, రంగులు అని మూడు మెట్లు పెట్టుకున్నాను. ప్రతి మెట్టుకూ మెయిల్లో ‘సరే’ రావాలి, ఆ మెట్టు డబ్బు పడాలి, అప్పుడే పైమెట్టు. మెట్టుకు రెండు కరెక్షన్లు ఉచితం, దాటితే పేజీకి ఇంతని ముందే రాసిస్తాను.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. పని ఒప్పుకోకముందే చేయించుకోండి. చిన్న సంస్థల కోసం 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, రాసుకున్న గడువు ఎంతైనా పని స్వీకరించాక 45 రోజుల్లోపే చెల్లించాలి. రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు, ఇలాంటి బకాయి తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు కింద ఉద్యమ్ నంబరు రాసి, ఈ సంగతి ఒక్క పంక్తిలో పెట్టండి. బిల్లులో పది శాతం తగ్గి వస్తే అది టీడీఎస్, అంటే డబ్బిచ్చేవారు ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కావచ్చు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరున జమైందో చూసుకుని రిటర్ను వేస్తే లెక్కలో కలుస్తుంది.

ఇక హక్కులు. కాపీరైట్ బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. అందులో కాలం రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం. కానీ డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ విషయంలో వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కు వేయించుకున్నవారిదే. అందుకే ‘బొమ్మల హక్కు ఆర్టిస్టుదే, ఒక భాషలో, ఒక ముద్రణకు, ఇన్నేళ్ళకు అనుమతి’ అన్న వాక్యం అడ్వాన్సు తీసుకోకముందే మెయిల్లో పంపి, ‘ఒప్పుకుంటున్నాం’ అని జవాబు తెప్పించుకోండి.