గ్లైడర్ రెక్కలో సర్వో పదే పదే పోతోందా? ముందు కారణం పట్టుకోండి

రిమోట్‌తో ఎగరేసే నా రెండు మీటర్ల మోడల్ గ్లైడర్‌కి ఒకే సీజన్‌లో ఎడమ ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలక) సర్వో, అంటే దాన్ని కదిపే చిన్న గేర్ల మోటార్, మూడుసార్లు పోయింది. మూడుసార్లూ గేరు పళ్ళే ఊడాయి. మొదటిసారి సర్వో నాసిరకం అనుకుని మార్చాను. రెండోసారి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి మెటల్ గేర్లది తెచ్చి వేశాను. అదీ పోయాకే రెక్క విప్పి కూర్చున్నాను. కుడివైపు సర్వో ఆర్మ్ (సర్వో తిప్పే చిన్న చేయి) ఒక కోణంలో ఉంది, ఎడమవైపు ఆర్మ్ స్ప్లైన్ (ఆర్మ్ కూర్చునే పళ్ళ షాఫ్ట్) మీద ఒక పన్ను పక్కకి బిగించి ఉంది. 25 పళ్ళ స్ప్లైన్‌లో ఒక పన్ను అంటే 14 డిగ్రీల పైనే తేడా. దాంతో నేల తగిలిన ప్రతిసారీ దెబ్బంతా గేర్ల మీదే పడింది. ఆర్మ్ సరిచేసి మళ్ళీ అదే రకం సర్వో వేశాను, ఇప్పటికీ పనిచేస్తోంది.

అందుకే సర్వో పోయిందంటే, కొత్తది కొనేముందు పాతదాన్ని ఏది చంపిందో చూడమంటాను. కారణం రెక్కలోనే ఉండిపోతే కొత్త సర్వో కూడా అక్కడే, అలాగే పోతుంది.

ఎన్ని సర్వోలు తేడా చేస్తున్నాయి?

ఇది తెలిస్తే సగం పని అయినట్టే. రెక్కల్లోని నాలుగు సర్వోలూ ఒకేసారి ఆగితే బ్యాటరీ, బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే సర్క్యూట్) లేదా రిసీవర్ సంగతి చూడాలి, రెక్క జోలికి పోనక్కర్లేదు. ఒకే రెక్కలోని ఎయిలెరాన్ (గ్లైడర్‌ను పక్కకి వాల్చే పలక), ఫ్లాప్ రెండింటి సర్వోలూ కలిసి పోతే రెక్క మొదట్లో ఉండే కనెక్టర్‌ని అనుమానించండి. ఆరు పిన్నుల ఆకుపచ్చ కనెక్టర్ వాడేవాళ్ళు చాలామంది రెండు సర్వోలకీ ప్లస్, మైనస్ ఉమ్మడిగా కలుపుతారు. ఆ ఒక్క సోల్డర్ విడితే రెండూ పోతాయి. ఒక్క సర్వోనే ఇబ్బంది పెడుతుంటే దాన్ని రిసీవర్‌లో వేరే ఛానల్‌కి నేరుగా కలిపి చూడండి. అక్కడ కూడా అలాగే ఉంటే తప్పు సర్వోలో ఉంది, బాగుంటే వైరులోనో ఛానల్‌లోనో ఉంది.

దిగాక ఫ్లాప్ వదులుగా వేలాడుతోంది

గేరు పళ్ళు ఊడాయి. ఫ్లాప్ 80, 90 డిగ్రీలు కిందికి దించి బ్రేకులా వాడుతూ, అలాగే నేల మీద దిగడం వల్లే ఎక్కువసార్లు ఇలా జరుగుతుంది. పచ్చిక మైదానంలో చెల్లిపోతుందేమో గానీ మన దగ్గర అలాంటి నేల ఎక్కడిది? చేవెళ్ల దాటాక మేం ఎగరేసే బీళ్ళలో ఎర్రమట్టి, గులకరాళ్ళు. పక్క చేలల్లో పత్తి ఏరాక మిగిలిన కట్టె నిలబడే ఉంటుంది. ఆ కట్టెకు ఫ్లాప్ అంచు ఒక్కసారి తగిలినా చాలు. (రైతును అడిగాకే చేలో అడుగు పెట్టండి. పంట ఉంటే అటువైపు అసలు దింపకండి.)

మొదటి మందు చేతిలోనే ఉంది. గ్లైడర్ నేలకు మూరెడు ఎత్తుకు రాగానే ఫ్లాప్ మూసేయాలి. మామూలు సర్వోకి 60 డిగ్రీలు తిరగడానికే 0.1 నుంచి 0.2 సెకను పడుతుంది, కాబట్టి నేల తగిలాక మూస్తే ఆలస్యమైపోయినట్టే. ట్రాన్స్‌మిటర్‌లో ఫ్లాప్‌కి స్లో (నెమ్మదిగా కదిలే సెట్టింగ్) పెట్టుకున్నవాళ్ళు అది ఫ్లాప్ కిందికి దిగేటప్పుడు మాత్రమే ఉందా, మూసుకునేటప్పుడు కూడా ఉందా అన్నది చూసుకోండి. మూసుకోవడం ఎప్పుడూ వేగంగానే ఉండాలి.

రెండోది లింకేజ్ (సర్వోను ఫ్లాప్‌తో కలిపే ఆర్మ్, పుష్‌రాడ్ అనే కడ్డీ) కోణం. నన్ను మూడు సర్వోల పాటు ఏడిపించింది ఇదే. ఫ్లాప్ పూర్తిగా దిగినప్పుడు సర్వో ఆర్మ్, పుష్‌రాడ్ దాదాపు ఒకే గీతలోకి రావాలి. అప్పుడు కింది నుంచి వచ్చే తోపు షాఫ్ట్ మీదికి నేరుగా పోతుంది, గేర్లను తిప్పాలని చూడదు. అవి అడ్డంగా ఉంటే అదే దెబ్బ గేర్లను విరుస్తుంది. ఫ్లాప్ పైకి కదలాల్సింది కొంచెమే, కిందికే చాలా దిగాలి. అందుకే ఫ్లాప్ మూసి ఉన్నప్పుడు ఆర్మ్ మధ్యలో కాకుండా ఒక పక్కకి వాలి ఉండాలి. పుష్‌రాడ్ విప్పేసి, సర్వోను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూశాకే ఆర్మ్ బిగించండి. రెండు రెక్కలూ పక్కపక్కన పెట్టి పోల్చండి.

మెటల్ గేర్లు వేయాలా అంటే, ఫ్లాప్‌కి వేయమంటాను. కానీ కోణం తప్పుగా ఉంటే అవీ కాపాడవు. గేర్లు నిలిచినా దెబ్బ హార్న్‌కో (పుష్‌రాడ్ తగిలించే ఫ్లాప్ మీది కొమ్ము) రెక్క తొక్కుకో పోతుంది.

స్పీడులో రెక్క నుంచి బుర్ర్‌మనే శబ్దం

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అది ఫ్లట్టర్. ఎయిలెరాన్ గాలిలో తనంతట తాను విపరీతమైన వేగంతో కొట్టుకుంటోంది. కొన్ని సెకన్లు చాలు, గేర్లు పోతాయి, ఒక్కోసారి రెక్కే విరుగుతుంది. శబ్దం వినగానే ముక్కును మెల్లగా పైకెత్తి వేగం తగ్గించండి, దింపండి. ఆ రోజు మళ్ళీ ఎగరేయకండి.

కారణం చాలావరకు ప్లే, అంటే లింకేజ్‌లోని వదులు. సిస్టమ్ ఆన్ చేసి, ఎయిలెరాన్ వెనక అంచును రెండు వేళ్ళతో మెత్తగా పైకీ కిందికీ కదపండి. గట్టిగా తిప్పితే నైలాన్ గేరు మీ చేతిలోనే పోతుంది, జాగ్రత్త. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న ఎయిలెరాన్ అంచు ఒక మిల్లీమీటరు ఊగిందంటే ప్లే 1.4 డిగ్రీలు ఉన్నట్టు. నేనైతే దాంతో డైవ్ చేయను. ఆ ప్లే ఎక్కడుందో వెతకండి: క్లెవిస్ (పుష్‌రాడ్ చివరి కొక్కెం) పిన్ను రంధ్రంలో ఆడుతోందా, ఆర్మ్ స్క్రూ వదులైందా, సర్వోనే తన గూట్లో కదులుతోందా, హింజ్ టేపు లేచిందా, గేర్లే అరిగాయా?

క్లెవిస్ రంధ్రం పెద్దదైతే హార్న్ మార్చేయండి. పుష్‌రాడ్ సన్నటిదైతే మందమైనది వేయండి. సర్వో ఆర్మ్‌లో లోపలి రంధ్రం, హార్న్‌లో బయటి రంధ్రం వాడండి. ఆర్మ్ 6 మిల్లీమీటర్లు, హార్న్ 12 అయితే గేర్ల ప్లే ఎయిలెరాన్ దగ్గరికి వచ్చేసరికి సగమే ఉంటుంది, బలం రెట్టింపు అవుతుంది. చాలామంది పొడుగు ఆర్మ్ పెట్టి, కదలిక ఎక్కువైందని ట్రాన్స్‌మిటర్‌లో ట్రావెల్ (సర్వో తిరిగే పరిధి) సగానికి తగ్గిస్తారు. అలా చేస్తే సర్వో బలాన్ని, కచ్చితత్వాన్ని చేజేతులా సగం పారేసుకున్నట్టే. ట్రావెల్ నిండుగా ఉంచి, కదలికను లింకేజ్‌తో తగ్గించండి.

స్టిక్ వదిలేసినా సర్వో గుంయ్‌మంటోంది

పుష్‌రాడ్ విప్పండి. శబ్దం ఆగితే హింజో లింకేజో పట్టేస్తోంది, లేదా చివర్లో ఎక్కడో అడ్డుకుంటోంది. సర్వో తోస్తూ, వేడెక్కుతూ, బ్యాటరీ తినేస్తూ ఉంటుంది. ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్‌పాయింట్లు (సర్వో కదలిక హద్దులు) తగ్గించండి, అడ్డు తీసేయండి. పుష్‌రాడ్ విప్పినా సన్నగా పాడుతుంటే, అది డిజిటల్ సర్వో అయితే, టెన్షన్ పడనక్కర్లేదు. ముట్టుకుంటే వేడిగా ఉంటే మాత్రం మార్చేయండి.

మధ్యలో వణుకుతోంది

స్టిక్‌ను చాలా నెమ్మదిగా కదపండి. ప్రతిసారీ అదే చోట వణికితే లోపలి పాట్ (ఆర్మ్ ఎక్కడుందో సర్వోకి చెప్పే పొటెన్షియోమీటర్) అరిగింది. గ్లైడర్ ఎక్కువసేపు తిన్నగానే ఎగురుతుంది కాబట్టి పాట్ కూడా న్యూట్రల్ (మధ్య స్థానం) దగ్గరే ముందు అరుగుతుంది. దీనికి రిపేరు లేదు. వణుకు ఎక్కడ పడితే అక్కడ వస్తుంటే వైరు చూడండి.

సర్వోను ఫెవిక్విక్ లాంటి జిగురుతో రెక్కలో అతికించినా ఇలాంటి తిప్పలే. ఆ జిగురు నీళ్ళలా సందుల్లోంచి లోపలికి పాకుతుంది. సర్వోకి హీట్ ష్రింక్ తొడిగి, దాని మీద ఎపాక్సీ పూసి అతికించండి. స్క్రూలతో బిగించే ఫ్రేమ్ ఉంటే ఇంకా నయం, మార్చడం తేలిక. హాట్ గ్లూ వద్దు. మే నెలలో హైదరాబాద్ ఎండలో ఆపిన కారు లోపల అది మెత్తబడి సర్వో గూట్లో కదలడం మొదలవుతుంది.

ఒక్కోసారి పలుకుతుంది, ఒక్కోసారి పలకదు

వైరును వేళ్ళతో వంచుతూ చూడండి. సోల్డర్ పక్కనే, హీట్ ష్రింక్ ముగిసే చోట తీగలు లోపల తెగుతాయి, పైకి కనబడవు. అక్కడ వైరు వంగకుండా ఆనుకోవడానికి ఏదైనా పెట్టండి. వానాకాలం తర్వాత పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. ఐసోప్రోపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, రెక్కల సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోండి.

కాలిన వాసన

సర్వోకి ఎక్కువ వోల్టేజీ వెళ్తోందేమో చూడండి. రెండు సెల్స్ లిథియం పాలిమర్ ప్యాక్ నిండా చార్జయితే 8.4 వోల్టులు. మామూలు 9 గ్రాముల సర్వో 4.8 నుంచి 6 వోల్టులకే చేసింది. హై వోల్టేజ్ అని రాసి ఉంటే తప్ప నేరుగా కలపకండి, మధ్యలో బీఈసీ ఉండాలి.

నిన్న బాగుంది, ఇవాళ పళ్ళు ఊడి ఉంది

ఎగరేయకుండానే పోయిందంటే రవాణాలో పోయింది. డిక్కీలో రెక్క మీద బ్యాగు పడుతుంది, తీసేటప్పుడు ఎవరో వెనక అంచు పట్టుకుంటారు. రెక్కను ఎప్పుడూ ముందు అంచు వైపు నుంచి పట్టుకోండి. సంచిలో ఫ్లాప్ వైపు ఫోమ్ పెట్టండి. మైదానంలో ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత రిసీవర్ ఆన్ చేయండి. అప్పుడు రెక్క నేల మీద ఉండకూడదు. సర్వోలు ఒక్కసారిగా ఉలిక్కిపడితే ఫ్లాప్ నేలకు గుద్దుకుంటుంది.

అనుమానం వచ్చిన సర్వోను విప్పాక మళ్ళీ స్పేర్ల డబ్బాలో వేయకండి. వెంటనే దాని వైరు కత్తిరించండి. అలా చేయక, ఆర్నెల్ల తర్వాత అదే సర్వోను మంచిదనుకుని నేను కుడి ఎయిలెరాన్‌కి బిగించాను.