జాతీయ స్థాయి టేబుల్ టెన్నిస్ ఆటగాళ్లకు శిక్షణ ఇవ్వడం ఎలా?

జిల్లా పోటీల్లో గెలిచే ఆటగాడిని తయారు చేయడానికి నికార్సయిన ఫోర్‌హ్యాండ్, కోచ్‌కు కాస్త ఓపిక ఉంటే చాలు. అదే ఆటగాడు జాతీయ పోటీల్లో మొదటి రెండు రౌండ్లు దాటాలంటే మాత్రం కోచ్ చేసే పని తీరే మారాలి. తిరుపతిలో ఇరవై ఏళ్లకు పైగా టేబుల్ టెన్నిస్ నేర్పుతూ, నా దగ్గర నేర్చుకున్న కొందరిని రాష్ట్ర జట్టుతో జాతీయ పోటీలకు పంపిన అనుభవంతో ఈ మాటలు రాస్తున్నాను. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చి, చేతిలో ఒకరిద్దరు మెరికల్లాంటి పిల్లలున్న కోచ్‌లను ఉద్దేశించినవి ఇవి.

ముందుగా ఒక విషయం మనసులో బలంగా నాటుకోవాలి. పై స్థాయిలో మ్యాచ్‌ను తేల్చేది సర్వీసు, దాన్ని తీసుకునే రిసీవ్, ఆ వెంటనే వచ్చే మూడో బంతి. 2001కి ముందు గేమ్‌కు 21 పాయింట్లు ఉండేవి, ఒక్కొక్కరు వరుసగా ఐదు సర్వీసులు చేసేవారు. అప్పట్లో నాలుగైదు పాయింట్లు పోయినా ఆటగాడు నిలదొక్కుకోవడానికి వ్యవధి దొరికేది. గేమ్ 11 పాయింట్లకు తగ్గి, సర్వీసు రెండేసి పాయింట్లకు మారుతూ వస్తున్నప్పటి నుంచి ఆ వెసులుబాటు లేకుండా పోయింది. అయినా మన హాళ్లలో నేటికీ గంటల కొద్దీ ఫోర్‌హ్యాండ్‌కు ఫోర్‌హ్యాండ్ కొట్టిస్తూనే ఉన్నాము. చూడటానికి ముచ్చటగా ఉండే ఆ ర్యాలీ పోటీలో ఆ రూపంలో దాదాపుగా రాదు. కాబట్టి రోజువారీ సాధనలో కనీసం సగం సమయం మొదటి మూడు బంతులకు కేటాయించాలన్నది నా స్థిరమైన అభిప్రాయం.

ఈ పని నోటు పుస్తకంతో మొదలవుతుంది. ఆటగాడు ఆడే ప్రతి ముఖ్యమైన మ్యాచ్‌లో ప్రతి పాయింటుకు ఒక వరుస రాయాలి: సర్వీసు ఎవరిది, అది షార్టా లాంగా, ఫోర్‌హ్యాండ్ వైపా, బ్యాక్‌హ్యాండ్ వైపా, నడుమ మోచేతి మీదికా, పాయింటు ఎన్నో బంతికి ముగిసింది, ఎవరికి వచ్చింది. ఇంతకు మించి రాయబోతే కళ్లు ఆట మీద నిలవవు. పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె రాష్ట్ర పోటీలో చివరి రెండు గేములు 9–11, 8–11తో ఓడిపోయింది. బ్యాక్‌హ్యాండ్ బలహీనంగా ఉందని ఆమె తండ్రి అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. రాత్రి గదిలో కూర్చుని పుస్తకం తిరగేస్తే, పోయిన 22 పాయింట్లలో 13 ఆమె సొంత సర్వీసు మీదే పోయాయని తేలింది. వాటిలో తొమ్మిదింటిలో ఆమె షార్ట్ అనుకుని చేసిన సర్వీసు అవతలి వైపు రెండో బౌన్స్ పడకుండానే టేబుల్ అంచు దాటి బయటికి వచ్చింది. ఎదుటి అమ్మాయి దాన్ని నిశ్చింతగా లూప్ చేసింది, అంటే బంతి ముందుకు తిరిగేలా పైకి రాసి బలంగా కొట్టింది, మన అమ్మాయి బ్యాక్‌హ్యాండ్‌తో అడ్డుకోలేకపోయింది. తప్పు సర్వీసు పొడవులో ఉంటే మేము బ్యాక్‌హ్యాండ్‌కు మందు వెతుకుతున్నాము. పుస్తకం లేకపోతే మరో మూడు నెలలు ఆ బ్యాక్‌హ్యాండ్ మీదే వృథా చేసేవాళ్లం.

సర్వీసు సాధనకు రోజూ ఇరవై ఐదు నిమిషాలు విడిగా కేటాయించండి. అలసిపోయాక చివర్లో చేయించే సర్వీసు సాధన అక్కరకు రాదు. అరచేయి తెరిచి ఉండాలని, బంతి కనీసం 16 సెంటీమీటర్లు నిటారుగా పైకి లేవాలని, దాన్ని శరీరంతో గానీ చేతితో గానీ ఎదుటివారికి కనబడకుండా మరుగు చేయరాదని నిబంధన ఉంది. జిల్లా స్థాయిలో ఎవరూ పట్టించుకోని ఈ నిబంధనను జాతీయ పోటీల్లో అంపైర్ పట్టుకుంటాడు, కీలకమైన పాయింటు దగ్గర పట్టుకుంటే ఆటగాడి మనసు చెదురుతుంది. షార్ట్ సర్వీసు మొదటి బౌన్స్ మన వైపు నెట్‌కు చేరువగా పడాలి, లాంగ్ సర్వీసు మొదటి బౌన్స్ మన అంచుకు దగ్గరగా పడాలి. ఈ రెండింటికీ చేయి ఊపు ఒకేలా కనిపించేదాకా వదలకూడదు. పై అమ్మాయికి నేను చేయించింది చాలా చిన్న పని: అవతలి వైపు నెట్ దగ్గర ఒక తెల్ల కాగితం పరిచి, బంతి దాని మీద పడి, ఎవరూ తాకకపోతే రెండో బౌన్స్ కూడా టేబుల్ మీదే పడే సర్వీసులను మాత్రమే లెక్కపెట్టమన్నాను. మొదటి రోజు యాభైలో పన్నెండు పడ్డాయి, ఆరు వారాలకు ముప్పై ఎనిమిది పడ్డాయి.

ఇక మల్టీబాల్, అంటే కోచ్ టబ్‌లోని బంతులను ఒకదాని వెంట ఒకటి అందిస్తూ ఆటగాడితో కొట్టించే సాధన. ఈ సాధనను చైనా కోచ్‌లు పదును పెట్టారు, నేడు ప్రపంచమంతా చేస్తోంది. మన దగ్గర మాత్రం చాలామంది దీన్ని ఆటగాడిని అలసట పెట్టే సాధనంగానే వాడుతున్నారు, అది పొరపాటు. టబ్‌లో వంద నుంచి నూట యాభై బంతులు ఉంచుకుని, కోచ్ నెట్‌కు కొంచెం వెనకగా టేబుల్ పక్కన నిలబడాలి. ఎడమ చేతిలో మూడు నాలుగు బంతులు పట్టుకుని ఒక్కొక్కటిగా వదలాలి. బ్యాక్‌స్పిన్ (వెనక్కి తిరిగే బంతి) అందించాలంటే బంతిని ముందు మన వైపు టేబుల్ మీద బౌన్స్ కానిచ్చి, బ్యాట్ ముఖం తెరిచి కింది భాగాన్ని కోసినట్టు తాకాలి. టాప్‌స్పిన్‌కు (ముందుకు తిరిగే బంతికి) బంతి పడుతున్నప్పుడు పైకి రాసినట్టు కొట్టాలి. కొత్త కోచ్‌లు చేసే ప్రధాన దోషం తొందర. ఆటగాడి బ్యాట్ తిరిగి సిద్ధస్థితికి రాకముందే తర్వాతి బంతి వచ్చి పడితే అతడు సగం స్ట్రోకులు కొట్టడానికి అలవాటుపడతాడు, ఆ అలవాటును తర్వాత మాన్పడం చాలా కష్టం. బ్యాట్ వెనక్కి వస్తుండగా బంతి మీ బ్యాట్ వదిలేలా లయ కుదుర్చుకోండి.

ఇంకో మాట. మల్టీబాల్ అందిస్తున్నప్పుడు కొట్టిన బంతి ఎక్కడ పడిందో చూడకండి. అది టేబుల్ మీద పడిందో లేదో శబ్దమే చెబుతుంది. మీ చూపు ఆటగాడి పాదాల మీద, ఆ తర్వాత నడుము మీద ఉండాలి. బంతి సరిగ్గా పడినా బరువు ఎడమ మడమ మీద నిలిచిపోయి ఉంటే, ఆ స్ట్రోకు ఎనిమిదో బంతికి విఫలమవుతుంది. నేను పిల్లలను పక్కన నిలబెట్టి, ఒక సెట్ మొత్తం కేవలం బూట్ల కిర్రుమనే శబ్దం వినమంటాను. రెండు పాదాలూ కదిలినప్పుడు జంట శబ్దం వస్తుంది, ఒక కాలు బద్ధకిస్తే ఒంటి శబ్దమే వస్తుంది.

ఒక సెట్‌కు ఇరవై నుంచి ముప్పై బంతులు మించవద్దు. స్వీడన్ క్లబ్ పేరుతో ఫాల్కెన్‌బర్గ్ అని పిలిచే సాధన నేటికీ దీటైనదే: బ్యాక్‌హ్యాండ్ మూల నుంచి ఒక బ్యాక్‌హ్యాండ్, అదే మూల నుంచి పక్కకు జరిగి ఒక ఫోర్‌హ్యాండ్, ఆ వెంటనే కుడి చివరకు పరుగెత్తి మరో ఫోర్‌హ్యాండ్. అయితే పోటీకి నెల రోజుల ముందు నుంచి ఈ క్రమమైన సాధనలను తగ్గించి, ఎటు వస్తుందో తెలియని బంతులను పెంచాలి. మ్యాచ్‌లో ఎదుటి ఆటగాడు వరుస చెప్పి ఆడడు.

మల్టీబాల్‌తో రానిది ఒకటి ఉంది, అది జీవమున్న స్పిన్. అందుకు స్పారింగ్, అంటే ఎదురుగా మరో ఆటగాడితో ఆడటం, తప్పదు, ఇక్కడే తిరుపతి కోచ్‌లకు పెద్ద చిక్కు. మన ఊళ్లో పదిమంది మంచి ఆటగాళ్లుంటే, ఒకరి ఆట ఒకరికి కంఠతా వచ్చి ఉంటుంది. అందుకే నెలకు ఒక్కసారైనా పిల్లలను సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై తీసుకెళ్లి కొత్త చేతులతో ఆడించాలి. ఆ ఖర్చును తల్లిదండ్రులకు ముందే వివరంగా చెప్పి ఒప్పించడం కూడా కోచ్ బాధ్యతే. లాంగ్ పింపుల్స్ (పొడవాటి బొడిపెలున్న రబ్బరు) వేసిన బ్యాట్ ఒకటి హాల్‌లో తప్పనిసరిగా ఉండాలి. మీరు టాప్‌స్పిన్ కొడితే ఆ రబ్బరు నుంచి బంతి బ్యాక్‌స్పిన్‌తో తిరిగి వస్తుంది, పుష్ చేస్తే (బంతి కింది భాగాన్ని కోసినట్టు నెడితే) స్పిన్ లేకుండానో, కాస్త టాప్‌స్పిన్‌తోనో వస్తుంది. భారత క్రీడాకారిణి మనికా బత్రా బ్యాక్‌హ్యాండ్ వైపు ఇలాంటి రబ్బరుతోనే పెద్ద పెద్ద ఆటగాళ్లను తికమక పెట్టింది. దీన్ని మొదటిసారి జాతీయ పోటీలో చూసిన పిల్ల తేరుకునే లోపే రెండు గేములు అయిపోతాయి. కనుక వారానికి ఒక పూట కోచే ఆ బ్యాట్ పట్టుకుని ఆడాలి.

మన వాతావరణం గురించి కొంచెం చెప్పాలి. బంతి బరువు 2.7 గ్రాములు. వేసవిలో హాల్‌లో సీలింగ్ ఫ్యాన్ తిరిగితే దాని దారి మారుతుంది, ఫ్యాన్ ఆపితే పిల్లలు చెమటలో తడిసిపోతారు. మార్చి దాటాక సాధన తెల్లవారుజామున ఐదున్నరకే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోగా ముగించడం ఒక్కటే మార్గం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవన వర్షాల్లో రబ్బరు మీద తేమ చేరి బంతి జారుతుంది. అప్పుడు స్పిన్ తగ్గిందని పిల్లలు స్ట్రోకు మార్చుకోబోతారు, మార్చనివ్వకండి. ఏసీ హాల్‌లో పోటీ ఉంటే అక్కడికి రెండు రోజులు ముందుగా చేరి, అదే టేబుల్ మీద కనీసం రెండు పూటలు ఆడించండి. శారీరక సాధనకు అలిపిరి మెట్లు మనకు దొరికిన గొప్ప వరం. ఎక్కడం కాళ్లకు మంచిది, అయితే పరుగున దిగడం మాత్రం ఎదిగే పిల్లల మోకాళ్లకు హాని. ఎక్కి, బస్సులో దిగి రమ్మని చెప్పండి.

మ్యాచ్ పక్కన కూర్చున్నప్పుడు మాట పొదుపుగా వాడాలి. 2016 అక్టోబరు నుంచి ఆట ఆలస్యం కానంత వరకు పాయింట్ల మధ్య కూడా సలహా చెప్పవచ్చు. ఆ వీలు ఉంది కదా అని ప్రతి పాయింటుకూ అరుస్తుంటే ఆటగాడు బంతిని వదిలి మీ ముఖం చూడటం మొదలుపెడతాడు. గేముల మధ్య దొరికే నిమిషంలో మొదటి ఇరవై సెకన్లు నీళ్లు తాగనివ్వండి. ఆ తర్వాత రెండే మాటలు: సర్వీసు ఎక్కడ చేయాలి, రిసీవ్ ఎక్కడికి పెట్టాలి. టైమ్‌అవుట్ ఒక్కొక్కరికి మ్యాచ్‌కు ఒక్కసారే వస్తుంది. వ్యక్తిగత పోటీలో దాన్ని కోచ్ కోరినా, ఆటగాడు వద్దంటే ఆటగాడి మాటే చెల్లుతుంది. అందువల్ల టైమ్‌అవుట్ ఎప్పుడు తీసుకోవాలో ముందు రాత్రే ఇద్దరూ కూర్చుని అనుకోవాలి.

నేను చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పడం న్యాయం. కొన్నేళ్ల క్రితం ఒక అబ్బాయి ఫోర్‌హ్యాండ్ లూప్‌లో మోచేయి పైకి లేస్తోందని రాష్ట్ర పోటీకి మూడు వారాల ముందు సరిదిద్దబోయాను. పాత స్ట్రోకు పోయింది, కొత్తది కుదరలేదు. మొదటి రౌండులోనే ఓడి వచ్చి, "సార్, నాకు చెయ్యి ఎక్కడుందో తెలియలేదు" అన్నాడు. అప్పటి నుంచి స్ట్రోకులోని మౌలికమైన మార్పులను పోటీల కాలం ముగిశాకనే, కనీసం మూడు నెలలు చేతిలో ఉన్నప్పుడే ముట్టుకుంటున్నాను. పోటీకి ముందు మార్చదగినవి సర్వీసు చోటు, నిలబడే చోటు, ఆలోచన మాత్రమే.

కోచ్ కూడా నేర్చుకుంటూనే ఉండాలి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోర్సులు, అంతర్జాతీయ సమాఖ్య వారి లెవెల్ వన్, టూ, త్రీ శిక్షణలు వీలైనంత త్వరగా పూర్తి చేయండి. వాటితో పాటు, ఒకే ఆటగాడిని ఏళ్ల తరబడి పెంచినవారి పనిని శ్రద్ధగా గమనించండి. పదిసార్లు జాతీయ విజేత అయిన ఆచంట శరత్ కమల్‌ను తండ్రి శ్రీనివాసరావు, ఆయన సోదరుడు మురళీధరరావు చిన్ననాటి నుంచి తీర్చిదిద్దారు, శ్రీనివాసరావుకు 2018లో ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. హైదరాబాద్‌లో సోమనాథ్ ఘోష్ దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసిన ఆకుల శ్రీజ 2024 పారిస్ ఒలింపిక్స్ సింగిల్స్‌లో చివరి పదహారు మందిలో నిలిచింది. మనికా బత్రా, శ్రీజ ఆ దశకు చేరిన తొలి భారతీయులు.

మీ ఆటగాడు జాతీయ శిబిరానికి ఎంపికైన రోజున మీకు సంతోషంతో పాటు కొంత దిగులు కూడా కలుగుతుంది, అది సహజం. అక్కడి కోచ్ వేరే మాట చెబుతాడేమోనన్న భయంతో పిల్లవాడికి ముందే హెచ్చరికలు నూరిపోయకండి, ఇద్దరి మాటల మధ్య నలిగేది అతడే. దానికి బదులు రెండు పేజీల కాగితం రాసి అతడి చేతికే ఇచ్చి పంపండి: ఏ సర్వీసు నమ్మకమైనది, ఒత్తిడిలో ఏ రిసీవ్ తప్పుతుంది, గతంలో ఏ గాయమైంది, రబ్బరు ఏది, ఎన్ని వారాలకోసారి మారుస్తాడు, ఈ ఏడాది ఏ మార్పు మీద పని జరుగుతోంది, దాన్ని ఎక్కడ ఆపారు. అడుగున మీ ఫోను నంబరు రాయండి. శిబిరం నుంచి తిరిగి వచ్చిన రోజు టేబుల్ దగ్గరికి వెళ్లకముందు అతడిని ఎదురుగా కూర్చోబెట్టి, అక్కడ ఏం నేర్చుకున్నాడో అతడి నోటనే చెప్పించి, అదే పుస్తకంలో కొత్త పేజీ తెరిచి రాసుకోండి.