వర్కర్స్ కాంప్ లెక్కలు, నాలుగో పాఠం: ఏ మూడేళ్లు, ఏ తేదీ నాటి అంకెలు

వర్కర్స్ కాంప్ అంటే పనిలో గాయపడినవారికి పరిహారం ఇచ్చే బీమా, మోడ్ అంటే సంస్థలో గతంలో జరిగిన గాయాల ఖర్చును బట్టి దాని ప్రీమియాన్ని పెంచే లేదా తగ్గించే గుణకం. గత పాఠం చివర మోడ్ కనుక్కోమని ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబుల్లో సగానికి పైగా 1.78 అని ఉన్నాయి, సరైన జవాబు 1.10. ఈ పాఠాన్ని పూర్తిగా కవరేజీ నియమాలకే ఇవ్వాలని అనుకున్నాను గానీ, ఇంత తేడాను అలాగే వదిలి ముందుకు పోలేను. అందువల్ల ముందు ఆ లెక్క సంగతి చూసి, మిగిలిన చోటులో కవరేజీ చెబుతాను. మనం మాట్లాడుకుంటున్నది అమెరికాలో ఎన్‌సీసీఐ (ఈ మోడ్‌లు లెక్కకట్టే సంస్థ) పద్ధతి నడిచే రాష్ట్రాల గురించేనని మరోసారి గుర్తు చేస్తున్నాను. కాలిఫోర్నియా, న్యూయార్క్, పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాలకు ఆ పని చేసే సొంత బ్యూరోలున్నాయి కనుక అక్కడి వర్క్‌షీట్ (మోడ్ లెక్క కాగితం) తెచ్చి ఈ సూత్రంలో పెడితే జవాబు కుదరదు.

లెక్క ఇది. ఒక వడ్రంగి కాంట్రాక్టరుకు మూడేళ్ల పేరోల్, అంటే జీతాల మొత్తం, 18,00,000 డాలర్లు. ప్రతి 100 డాలర్ల పేరోల్‌కు ఎక్స్‌పెక్టెడ్ లాస్ రేటు (అంచనా నష్టం) 2.00, డీ-రేషియో (అంచనా నష్టంలో ప్రైమరీ అనే కింది భాగం వంతు) 0.40, డబ్ల్యూ (ఎక్సెస్ అనే పై భాగంలో లెక్కలోకి వచ్చే వంతు) 0.08, బీ (స్థిరత్వం కోసం కలిపే అంకె) 30,000, స్ప్లిట్ పాయింట్ (క్లెయిమును రెండుగా కోసే చోటు) 18,000. ఇవన్నీ అభ్యాసం కోసం నేను పెట్టిన అంకెలు. క్లెయిములు రెండు: పని మానుకోవలసి వచ్చిన గాయం ఒకటి, 60,000 డాలర్లు, వైద్యం ఖర్చుతోనే సరిపోయినది మరొకటి, 4,000 డాలర్లు.

1.78 రాసినవారు రెండు క్లెయిముల మొత్తం 64,000ను, పేరోల్ మీద వచ్చే అంచనా నష్టం 36,000తో భాగించారు. అలా చేస్తే వచ్చేది అసలు నష్టానికీ అంచనా నష్టానికీ ఉన్న నిష్పత్తి మాత్రమే, మోడ్ కాదు. మోడ్ కావాలంటే ప్రతి క్లెయిమునూ స్ప్లిట్ పాయింట్ దగ్గర రెండుగా కోయాలి. కింది భాగం ప్రైమరీ, అది పూర్తిగా లెక్కలోకి వస్తుంది. పై భాగం ఎక్సెస్, దానిలో డబ్ల్యూ వంతు మాత్రమే వస్తుంది. వైద్యం ఖర్చు మాత్రమే అయిన క్లెయిము విలువను, దాదాపు అన్ని ఎన్‌సీసీఐ రాష్ట్రాల్లోనూ, కోయడానికి ముందే 70 శాతం తగ్గించి 30 శాతమే తీసుకుంటారు.

అంటే అసలు ప్రైమరీ 18,000కు 1,200 కలిపి 19,200. అసలు ఎక్సెస్ 42,000లో 0.08 వంతు 3,360. అంచనా నష్టం 36,000లో ప్రైమరీ 14,400, ఎక్సెస్ 21,600. ఈ ఎక్సెస్‌లో 0.08 వంతు, 1,728, భిన్నంలో కిందికి వెళ్తుంది, మిగిలిన 0.92 వంతు, అంటే 19,872, స్థిరత్వం కోసం పైనా (అసలు నష్టం వైపు) కిందా (అంచనా నష్టం వైపు) రెండు చోట్లా కలుస్తుంది. దానికి తోడు బీ 30,000. పైన మొత్తం 72,432, కింద 66,000, మోడ్ 1.10. కొందరు 1.14 రాశారు, వారు ఆ 70 శాతం తగ్గింపు ఒక్కటే మరిచారు, మిగతాదంతా సరిగానే చేశారు.

ఇదే 60,000 డాలర్లు ఒక గాయంగా గాక, ఒక్కొక్కటి 20,000 చొప్పున మూడు గాయాలుగా వచ్చి ఉంటే మోడ్ 1.60 అవుతుంది. ఎందుకో మీరే కాగితం మీద వేసి చూడండి, రెండు నిమిషాల పని. స్ప్లిట్ పాయింట్ చాలా ఏళ్లపాటు 5,000 డాలర్లే ఉండేది, 2013లో 10,000 చేశారు, తరువాత పెంచుతూ వచ్చి ఇప్పుడు రాష్ట్రానికో అంకె పెట్టారు. ఆ గీత పైకి జరిగిన కొద్దీ తరచుగా జరిగే మధ్యరకం గాయాలు మోడ్‌ను ఎక్కువగా కదిలిస్తాయి.

ఇక నన్ను నిజంగా విసిగించే సంగతికి వస్తాను. లెక్క సరిగ్గా వేసినవారిలో కూడా చాలామంది ఏ మూడేళ్లు తీసుకోవాలో, ఏ రోజు నాటి అంకెలు తీసుకోవాలో పట్టించుకోలేదు. ఈ రెండూ తప్పితే సూత్రం ఎంత బాగా వచ్చినా ప్రయోజనం ఉండదు. నేను ఈ పనిలో చేరిన కొత్తల్లో ఒక కాంట్రాక్టరుకు వచ్చే ఏడాది మోడ్ ముందుగా వేసి ఇచ్చి, అందులో నడుస్తున్న పాలసీని కూడా కలిపాను. ఆయన ఆ అంకె నమ్మి ఒక పెద్ద పనికి రేటు కోట్ చేశారు. అసలు మోడ్ వచ్చేసరికి తేడా 0.12. ఆ తరువాత నుంచి నేను ఏ లెక్కా గీత గీయకుండా మొదలుపెట్టను.

గీత అంటే కాగితం మీద అడ్డంగా ఒక కాలరేఖ. 2026 జనవరి 1న అమలయ్యే మోడ్ తీసుకుందాం. ఆ మోడ్ లెక్కకట్టేనాటికి 2025 జనవరి 1న మొదలైన పాలసీ ఇంకా పూర్తి కాదు, కనుక అది లెక్కలో ఉండదు. దాని వెనక ఉన్న మూడు పాలసీలు, అంటే 2022, 2023, 2024 జనవరుల్లో మొదలైనవి, ఉంటాయి. మూడేళ్లంటే గత మూడేళ్లు కాదు, ఒక ఏడాది వదిలి దాని వెనక మూడేళ్లు.

తరువాత తేదీ. పాలసీ మొదలైన నెల నుంచి 18 నెలలు నిండిన నాటి లెక్క ప్రకారం క్యారియర్, అంటే బీమా సంస్థ, ఆ పాలసీ పేరోల్‌నూ క్లెయిముల విలువనూ బ్యూరోకు మొదటి నివేదికగా పంపుతుంది. దీనినే ఆఫీసుల్లో యూనిట్ స్టాట్ అంటారు. క్లెయిములు తెరిచి ఉంటే 30 నెలల నాటి లెక్కతో రెండోది, 42 నెలల నాటి లెక్కతో మూడోది పంపుతుంది. 2024 పాలసీకి 18 నెలలు, 2023 పాలసీకి 30 నెలలు, 2022 పాలసీకి 42 నెలలు ఎప్పుడు నిండుతాయో లెక్క పెట్టండి: మూడింటికీ ఒకటే తేదీ, 2025 జూలై 1. మోడ్ అమలు తేదీకి సరిగ్గా ఆరు నెలల ముందు. ఆ రోజు క్యారియర్ పుస్తకాల్లో ఉన్న అంకె ఏదైతే అదే మీ మోడ్‌లోకి వెళ్తుంది.

ఆ అంకె అంటే చెల్లించిన మొత్తం మాత్రమే కాదు. ఇప్పటిదాకా చెల్లించినదానికి, ఇకముందు చెల్లించవలసి రావచ్చని అడ్జస్టర్ (క్లెయిము చూసే క్యారియర్ మనిషి) పక్కన పెట్టిన రిజర్వు కలిపితే వచ్చేది. పై ఉదాహరణలో ఆ 60,000లో జూలై 1 నాటికి చెల్లించింది 22,000, రిజర్వు 38,000 అనుకోండి. ఆగస్టు 10న క్లెయిము మొత్తం 31,000తో మూతపడింది. 2026 మోడ్‌లో ఎంత కనబడుతుంది? 60,000. ఆగస్టులో తగ్గింది కదా అని అడిగితే, తగ్గిన అంకె 2027 మోడ్‌లోకి వస్తుంది, అదీ ఆ గాయం 2023 లేదా 2024 పాలసీలోది అయితేనే. జూలై 1 తరువాత రిజర్వు తగ్గిందన్న ఒక్క కారణంతో పాత నివేదికను సవరించరు. నివేదికలో రాతపొరపాటు ఉంటే, గాయానికి అసలు పరిహారం వర్తించదని తేలితే, గాయానికి కారకుడైన మూడోవ్యక్తి దగ్గర నుంచి క్యారియర్ డబ్బు రాబట్టుకుంటే, అప్పుడు సవరిస్తారు.

కనుక జూలై 1న మేలుకొని లాభం లేదు. ఏప్రిల్‌లోనే క్యారియర్ నుంచి లాస్ రన్ (క్లెయిముల జాబితా) తెప్పించుకొని, తెరిచి ఉన్న ప్రతి క్లెయిము గురించీ అడ్జస్టరుతో మాట్లాడాలి. కొందరు మే అంటారు, నేను ఏప్రిల్ అంటాను. ఫోను తీసే అడ్జస్టరు దొరకడానికే ఒక నెల పడుతుంది. మోడ్ వర్క్‌షీట్ చేతికి వస్తే అందులో ప్రతి క్లెయిము పక్కన రెండు సన్నని గడులు ఉంటాయి. ఐజే అన్న గడిలో 6 ఉంటే వైద్యం ఖర్చు మాత్రమే అయిన క్లెయిము. పక్క గడిలో ఓ అక్షరం ఉంటే ఇంకా తెరిచి ఉందని, ఎఫ్ ఉంటే మూసేశారని అర్థం. నేను వర్క్‌షీట్ తెరవగానే మోడ్ అంకె చూడను, ముందు ఓలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాను.

ఆ ఓల్లో ముందు ఏది పట్టుకోవాలి అన్న దగ్గర దాదాపు అందరూ పెద్ద క్లెయిము వెంట పడతారు. అంకెలు వేసి చూడండి. పై 60,000 క్లెయిము గడువులోపే 31,000కు తగ్గి ఉంటే లెక్కలోంచి 29,000 పోతుంది. అదంతా ఎక్సెస్ కాబట్టి పైన తగ్గేది 2,320 మాత్రమే, మోడ్‌లో 0.035. మాన్యువల్ ప్రీమియం (మోడ్ కలపక ముందరి ప్రీమియం) 30,000 డాలర్లయితే మిగిలేది సుమారు 1,055 డాలర్లు. ఇంకొక క్లెయిము చెల్లించింది 7,000, రిజర్వు 11,000తో 18,000 దగ్గర నిలిచి ఉందనుకోండి. పనివాడు కోలుకొని పనిలోకి వచ్చేశాడు, అడ్జస్టరు ఫైలు మూయడం మరిచాడు. అది 7,000కు మూతపడితే 11,000 పూర్తిగా ప్రైమరీలోంచి పోతుంది, మోడ్‌లో 0.167, ప్రీమియంలో 5,000 డాలర్లు. పెద్ద క్లెయిములో 29,000 తగ్గించడానికి ఎంతమంది డాక్టర్లూ లాయర్లూ కదలాలో ఆలోచించండి. చిన్నదానిలో 11,000కు ఒక ఫోను చాలు. ఈ ఒక్క వరుసక్రమం మీకు అలవాటైతే ఈ పాఠంలో మిగిలినది మరిచినా నాకు బాధ లేదు.

అలాగే గాయపడినవారిని వీలైనంత త్వరగా తేలిక పనిలోకి, అదే జీతంతో, తీసుకురావడం. పరిహారం చెల్లింపులు మొదలు కావడానికి ప్రతి రాష్ట్రంలోనూ కొన్ని రోజుల నిరీక్షణ ఉంటుంది, జార్జియాలో 7 రోజులు. ఆ లోపే మనిషి పనిలోకి వస్తే క్లెయిము 6గానే మిగులుతుంది, 70 శాతం తగ్గింపు దక్కుతుంది. దీనిని గాయాన్ని దాచమన్న సలహాగా చదవకండి. గాయం జరిగిన రోజే క్యారియరుకు చెప్పాలి.

ఇక కవరేజీ. ఎవరు ఉద్యోగి, గాయం పనిలో భాగంగా జరిగిందా లేదా అన్నవి మొదటి పాఠంలో చూశాం, వాటిని మళ్లీ చెప్పను. పాలసీ మొదటి పేజీలో మూడో అంశం ఒక్కటే ఇవాళ చూద్దాం. 3.ఏ లో రాసిన రాష్ట్రాల చట్టాలకు పాలసీ పూర్తిగా వర్తిస్తుంది. 3.సీ లోనివి, పాలసీ మొదలైన తరువాత మీరు కొత్తగా పని మొదలుపెట్టే రాష్ట్రాలు. జార్జియా కాంట్రాక్టరు 3.ఏ లో జార్జియా ఒక్కటే ఉండి, 3.సీ లో టెన్నెసీ ఉంటే, మే నెలలో టెన్నెసీలో పని మొదలుపెట్టి వెంటనే క్యారియరుకు చెబితే సరిపోతుంది. అదే పాలసీ మొదలైన జనవరి 1 నాటికే అక్కడ మనుషులు పనిలో ఉంటే, 30 రోజుల్లోపు చెప్పకపోతే ఆ రాష్ట్రానికి కవరేజీ ఉండదు. 3.సీ లో పేరు ఉంది కదా అన్న ధీమా ఈ సందర్భంలో పనికిరాదు. ఒహాయో, నార్త్ డకోటా, వాషింగ్టన్, వయోమింగ్ రాష్ట్రాల్లో బీమా రాష్ట్ర నిధి దగ్గరే కొనాలి కనుక అవి 3.సీ లోకి రావు.

సబ్‌కాంట్రాక్టరు దగ్గర బీమా సర్టిఫికెట్ తీసుకోకపోతే ఆడిట్‌లో అతని కూలీ మీ పేరోల్‌లో కలుస్తుంది. అతని పేరోల్ లెక్కలు చూపలేకపోతే, కూలి పని మాత్రమే అయిన ఒప్పందంలో కనీసం 90 శాతాన్ని, సామగ్రితో కలిసినదైతే కనీసం 50 శాతాన్ని పేరోల్‌గా లెక్కకడతారు. 40,000 డాలర్ల కూలి ఒప్పందం అంటే 36,000 పేరోల్. ఆ క్లాస్ కోడ్ (పని రకం) రేటు 100కు 12 అయితే, మోడ్ కలపక ముందే 4,320 డాలర్ల బిల్లు. దీన్ని తప్పించుకోవడానికి పేరోల్ తక్కువ చూపేవారు ఒక సంగతి మరిచిపోతారు: పేరోల్ తగ్గితే అంచనా నష్టం తగ్గుతుంది, అదే క్లెయిములకు మోడ్ పెరుగుతుంది. సంస్థ యజమానుల కవరేజీ రాష్ట్రాన్ని బట్టి చాలా మారుతుంది, దానికి ఐదో పాఠం కేటాయిస్తాను.

అభ్యాసం. కష్టంగానే ఇస్తున్నాను. 2026 ఏప్రిల్ 1న అమలయ్యే మోడ్ కనుక్కోండి. ఏటా ఏప్రిల్ 1నే పాలసీ మొదలవుతుంది. అంచనా నష్టం 52,000, డీ-రేషియో 0.42, డబ్ల్యూ 0.10, బీ 34,000, స్ప్లిట్ పాయింట్ 18,000. గాయాలు ఐదు: 2022 మార్చి 9న జరిగినది, 15,000, 2022 నవంబర్‌లోనిది, 90,000, 2023 ఆగస్టులోనిది, వైద్యం ఖర్చు మాత్రమే, 6,500, 2025 మార్చి 20న జరిగినది, విలువ కట్టే తేదీ నాటికి చెల్లించింది 9,000, రిజర్వు 14,000, నవంబర్ 12న మొత్తం 9,500తో మూతపడింది, 2025 మే నెలలోనిది, 40,000. ముందు కాలరేఖ గీసి ఏ గాయం ఏ పాలసీలో పడుతుందో గుర్తించండి. తరువాత అదే నాలుగో క్లెయిము సెప్టెంబర్ 12న మూతపడి ఉంటే మోడ్ ఎంత ఉండేదో కూడా వేయండి. జవాబుతో పాటు కాలరేఖ ఫొటో పంపండి. అది లేని జవాబు సరిగ్గా ఉన్నా దిద్దను.