నెట్‌వర్కింగ్ మీటింగులకు వెళ్తున్నా పరిచయాలు నిలవడం లేదా? లోపం ఎక్కడుందో చూడండి

కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్ళు మీటింగులకు వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొస్తే "నాకు మాట్లాడటం రాదు" అనేసుకుంటారు. నేను చూసినంతవరకు లోపం మాటతీరులో ఉండేది తక్కువ. ముందురోజు కూర్చుని చేసుకోవాల్సిన పని చేసుకోకపోవడమే ఎక్కువసార్లు అసలు కారణం.

సమస్య: "మీరేం చేస్తుంటారు?" అనగానే తడబాటు

కారణం: మన వ్యాపారం గురించి మనకు అన్నీ తెలుసు. ఏది ముందు చెప్పాలో మాత్రం ఎప్పుడూ తేల్చుకోలేదు. మొదట్లో నేను "హెల్త్‌కేర్ రంగానికి డిజిటల్ సొల్యూషన్స్ ఇస్తాం" అనేదాన్ని. ఎదుటివాళ్ళు "ఓ, బాగుంది" అని చుట్టూ చూసేవాళ్ళు. ఆ వాక్యంలో మనిషీ లేడు, ఆ మనిషి పడే ఇబ్బందీ లేదు. ఇప్పుడు ఇలా చెప్తాను: "చిన్న క్లినిక్‌లు నడిపే డాక్టర్లు రాత్రి ఇంటికెళ్ళే ముందు గంటసేపు బిల్లులు సరిచూసుకుంటుంటారు. మా సాఫ్ట్‌వేర్ ఉంటే క్లినిక్ మూసేసరికే లెక్క తేలిపోతుంది." ఇది చెప్పిన మొదటిసారే ఎదుటావిడ "మా అక్క రోజూ పడే బాధ ఇదే" అంది. అక్కడినుంచి మాట దానంతటదే నడిచింది.

ఏం చేయాలి: ఎవరికి, ఏ ఇబ్బంది, మీ వల్ల ఏం మారుతుంది అన్నది రెండు వాక్యాల్లో రాయండి. మీ రంగంతో సంబంధం లేని ఒకరికి పైకి చదివి వినిపించి, "నేనేం చేస్తానో నువ్వు చెప్పు" అని అడగండి. వాళ్ళు చెప్పలేకపోతే మళ్ళీ రాయండి. నాకు ఐదారుసార్లు పట్టింది.

సమస్య: సాయంత్రమంతా తెలిసినవాళ్ళతోనే గడిచిపోవడం

ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. పాల్ ఇంగ్రామ్, మైకేల్ మోరిస్ అనే పరిశోధకులు ఇలాంటి ఒక కార్యక్రమంలో ఎవరు ఎవరిని కలుస్తున్నారో నమోదు చేసే ఎలక్ట్రానిక్ బ్యాడ్జీలు పెట్టి చూశారు. 2007లో ఆ ఫలితాలు ప్రచురించారు. కొత్తవాళ్ళను కలవాలని ఉందని ముందే చెప్పినవాళ్ళు కూడా, తీరా అక్కడికి వచ్చాక పాత పరిచయస్తుల వైపే ఎక్కువగా మొగ్గారు. అంటే కోరిక ఒక్కటే సరిపోదు, ఏర్పాటు కావాలి.

ఏం చేయాలి: వచ్చేవాళ్ళ జాబితా దొరికితే ముగ్గురిని ఎంచుకోండి. ఈమధ్య వాళ్ళు ఏం పని చేశారో చదివి, తలా ఒక ప్రశ్న రాసుకోండి. పావుగంట ముందే వెళ్ళండి, అప్పటికింకా గుంపులు కట్టి ఉండరు. పార్ట్‌నర్‌తో కలిసి వెళ్తే లోపలికి అడుగుపెట్టగానే విడిపోవాలని ముందే మాట అనుకోండి. తెలిసినవాళ్ళు ఎదురైతే తప్పించుకోనక్కర్లేదు. "ఇక్కడ నేను కలవాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే పరిచయం చేస్తారా?" అని అడగండి చాలు.

సమస్య: "నేనేమైనా సాయం చేయగలనా?" అంటే నోట మాట రాకపోవడం

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఎదుటివాళ్ళు తలుపు తీశాక కూడా "ఏం లేదండీ, పరిచయముంటే చాలు" అని వచ్చేస్తాం. కొంత మొహమాటం, కొంత ఏం అడగాలో ముందే తేల్చుకోకపోవడం.

"పెట్టుబడి పెట్టేవాళ్ళు ఉంటే చెప్పండి" అంటే వాళ్ళకు ఎవరూ గుర్తుకురారు. "ఇద్దరు ముగ్గురు డాక్టర్లున్న క్లినిక్‌లో మేనేజర్‌గా చేసేవాళ్ళు మీకు తెలుసా? పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడితే చాలు" అని అడిగి చూడండి. వెంటనే ఒక ముఖం మెదులుతుంది. అడిగేది చిన్నదిగా, ఫలానా అని చెప్పగలిగేదిగా ఉండాలి. దాని పక్కనే మీరు ఇవ్వగలిగినవీ రాసుకోండి: నమ్మకమైన అకౌంటెంట్ నంబరు, మీరు వాడి వదిలేసిన సాఫ్ట్‌వేర్ గురించి నిజమైన మాట, ఏదైనా సరే.

సమస్య: అడిగినవాళ్ళనే మళ్ళీ మళ్ళీ అడగడం

దగ్గరివాళ్ళకు తెలిసినవి చాలావరకు మనకూ తెలుసు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఈ విషయం మీదే వ్యాసం రాశారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను ఆయన అడిగితే, ఆ సాయం చేసిన మనిషిని తరచూ కలిసేవాళ్ళు 17 శాతం కూడా లేరు. మిగతావాళ్ళంతా అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్ళే. కాబట్టి ఏడాదిగా మాట్లాడని పదిమంది పేర్లు రాసి, ఏమీ అడగకుండా ఒక పలకరింపు పంపండి. అవసరం పడినరోజే గుర్తొచ్చామని వాళ్ళకు అనిపించకూడదు.

టెన్షన్ సంగతి: ఖాళీ కడుపుతో వెళ్ళకండి, మొదటి మాట సులువైన మనిషితో మొదలుపెట్టండి. మీ రెండు వాక్యాలు సిద్ధంగా ఉంటే చాలావరకు అదే తగ్గుతుంది.

సమస్య: కార్డులు సొరుగులో పేరుకుపోవడం

కారణం: మర్నాటికి ఎవరు ఏమన్నారో మర్చిపోతాం. ఇక ఏమని రాస్తాం?

ఏం చేయాలి: పక్కకు రాగానే కార్డు వెనక రెండు ముక్కలు రాయండి, "కొడుకు పరీక్షలు, కొత్త బ్రాంచి" అన్నంత చిన్నగా. కార్డు లేకపోతే ఫోన్‌లో. వెళ్ళకముందే మర్నాడు పొద్దున అరగంట క్యాలెండర్‌లో ఖాళీ పెట్టుకోండి. మెసేజ్ ఇలా ఉంటే చాలు: "నిన్న కాఫీ దగ్గర కలిశామండీ. కొత్త బ్రాంచికి అకౌంటెంట్ కావాలన్నారు కదా, మాకు చేసేవారి నంబరు పంపుతున్నాను." జవాబు రాకపోతే వారం ఆగి, చెప్పడానికి కొత్త సంగతి ఉంటే ఇంకొక్కసారి రాయండి. అప్పటికీ రాకపోతే వదిలేసి తర్వాతి కార్డు తీయండి.