యూరప్ రైలు పాస్‌లు: ఇంటిల్లిపాదీ వెళ్తుంటే ఎవరి పాస్ ఎవరి ఫోన్‌లో ఉండాలి

ఒకే పాస్‌తో యూరప్‌లో పలు దేశాల రైళ్లెక్కనిచ్చే యూరైల్‌లో ఫ్యామిలీ పాస్ అంటూ ఒకటి లేదు. ఇంటిల్లిపాదీ ఒకే రైలెక్కినా పాస్ మనిషికొకటి, వాడుకునే రోజులూ ఎవరివి వాళ్లవే. ఇంటర్‌రైల్ అని కనబడితే దాని జోలికి పోవద్దు, అది యూరప్‌లో నివసించేవాళ్లకి. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు కొనాల్సింది యూరైలే.

ముందు వయసులు చూసుకోండి. పాస్ మొదలయ్యే రోజుకి ఎన్నేళ్లన్నదే లెక్క, కొన్న రోజుకి కాదు. నాలుగేళ్లు నిండని పిల్లలకి పాసే అక్కర్లేదు, కాకపోతే సీటూ రాదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. 4 నుంచి 11 ఏళ్ల వాళ్లకి చైల్డ్ పాస్ ఉచితం. ఉచితమే కదా అని వదిలేయకుండా పెద్దవాళ్ల పాస్‌లతో పాటు అదే ఆర్డర్‌లో తీసుకోవాలి. పెద్దవాళ్ల పాస్ ఒక్కోదాని మీద ఇద్దరు పిల్లలకే వీలుంటుంది. 12 నుంచి 27 దాకా యూత్ పాస్. 60 నిండితే సీనియర్ పాస్, పది శాతం తక్కువ. ఉదాహరణకి తాతయ్య, నాయనమ్మ, అమ్మ, నాన్న, 13 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల అబ్బాయి, మూడేళ్ల బుడ్డోడు. మనుషులు ఏడుగురు, పాస్‌లు ఆరు, డబ్బు కట్టేది అయిదింటికి.

మనవాళ్లకి పేర్ల దగ్గరే పెద్ద తలనొప్పి. చాలా తెలుగు పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా ఇంటిపేరూ అసలు పేరూ కలిసి ఒకే గడిలో ఉంటాయి. ఒకే ఇంట్లో తండ్రికి ఒకలా, కోడలికి ఇంకోలా ఉండటమూ మామూలే. పాస్‌ని ఫోన్‌లో పెట్టుకునేది రైల్ ప్లానర్ యాప్‌లో. అందులో పాస్ ఎక్కించేటప్పుడు అడిగేవి రెండే: పాస్ నంబరు, చివరి పేరు. కొన్నప్పుడు చివరి పేరు గడిలో ఏం కొట్టారో అక్షరం తేడా లేకుండా అదే మళ్లీ కొట్టాలి. అందుకే కొన్న రోజే అందరి పాస్ నంబర్లు, చివరి పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

కొన్న తేదీ నుంచి 11 నెలల్లోపు పాస్ మొదలుపెట్టొచ్చు. కాబట్టి వీసా చేతికొచ్చేదాకా యాక్టివేట్ బటన్ ముట్టుకోనక్కర్లేదు.

రైల్ ప్లానర్ యాప్‌లో ఒకే ఫోన్‌లో ఎన్ని పాస్‌లైనా పెట్టుకోవచ్చు. కానీ ఒక పాస్ ఒకేసారి రెండు ఫోన్లలో ఉండదు. అన్నీ నాన్న ఫోన్‌లోనే పెట్టేస్తే ఏమవుతుందంటే, టికెట్ చూసే ఆయన తాతయ్య వాళ్ల పెట్టెలోకి వచ్చే సమయానికి నాన్న మూడు పెట్టెల అవతల సూట్‌కేసులు సర్దుతుంటాడు. లేదా ఒక్కో పాస్ టికెట్ కోడ్ చూపించుకుంటూ నాలుగోదానికి వచ్చేసరికి బ్యాటరీ అయిపోయి స్క్రీన్ నల్లబడుతుంది. మా సలహా, రెండు ఫోన్లకి పంచండి. అమ్మ ఫోన్‌లో అమ్మది, పిల్లలవి. నాన్న ఫోన్‌లో నాన్నది, తాతయ్య నాయనమ్మలవి. తాతయ్య స్మార్ట్‌ఫోన్ బాగా వాడతారనుకుంటే ఆ ఇద్దరివీ ఆయనకే ఇవ్వడం ఇంకా మేలు. నెట్ లేకపోయినా టికెట్ తెరుచుకుంటుంది, అయితే మూడు రోజులకోసారైనా ఫోన్ నెట్‌కి తగలాలి. పాస్‌పోర్టు మాత్రం అసలుదే దగ్గరుండాలి, జిరాక్స్ చెల్లదు.

పద్ధతి ఇది. పాస్‌లు ఎక్కించి, వాటిని ఒక ట్రిప్‌కి (యాప్‌లో మీ ప్రయాణాల జాబితాకి) కలిపి, పాస్‌పోర్టు నంబరు, మొదటి తేదీ ఇచ్చి యాక్టివేట్ చేయాలి. తర్వాత ఎక్కబోయే రైలు వెతికి ట్రిప్‌లో వేసి, దాన్ని పాస్‌కి ఆన్ చేయాలి. అప్పుడే ఆ రోజుకి కోడ్ వస్తుంది. ఇదంతా రైలెక్కకముందే అయిపోవాలి. ఎక్కాక చేద్దాంలే అనుకుంటే జరిమానా పడొచ్చు.

ఆన్ చేసేముందు ఆ ట్రిప్‌కి ఎవరెవరి పాస్‌లు కలిపి ఉన్నాయో చూడండి. నాయనమ్మకి మోకాళ్ల నొప్పులై ఆ రోజు హోటల్‌లోనే ఉండిపోతే ఆవిడ రోజు ఖర్చు కానక్కర్లేదు. అందుకే తాతయ్య నాయనమ్మల పాస్‌లకి మొదటినుంచీ వేరే ట్రిప్ పెట్టడం మంచిది. అబ్బాయిది చైల్డ్ పాస్ కాబట్టి పెద్దవాళ్ల (అడల్ట్) పాస్ ఉన్న ఒకరి వెంటే ఉండాలి. పొరపాటున ఆన్ చేసిన రోజుని ముందురోజు రాత్రి 23:59 లోపు తీసేయొచ్చు. అది మధ్య యూరప్ టైము, వేసవిలో మనకి తెల్లవారుజాము 3:29.

ఫ్లెక్సీ పాస్ అంటే గడువు మొత్తంలో కొన్ని రోజులే ప్రయాణానికి వాడుకునేది. అందులో ఒక నెలలో 4, 5 లేదా 7 రోజులు, రెండు నెలల్లో 10 లేదా 15 రోజులు దొరుకుతాయి. పాస్ ధరని రోజులతో భాగించండి. ఆ రోజు వెళ్లే ఊరికి మామూలు టికెట్ అంతకన్నా చవకైతే టికెట్టే కొనండి, రోజు మిగులుతుంది. అయితే పెద్దవాళ్లు పాస్ వాడని రోజు అబ్బాయి ఉచిత పాసూ పనిచేయదు, వాడి టికెట్ డబ్బులు కూడా లెక్కలో వేసుకోవాలి. రాత్రి రైలు అర్ధరాత్రికి ముందే ఎక్కి మధ్యలో మారకపోతే ఒక్క రోజే పోతుంది. అర్ధరాత్రి దాటాక మారారా, రెండో రోజూ పోతుంది.

పాస్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. ఫ్రాన్స్ టీజీవీ, ఇటలీ ఫ్రెచ్చారోస్సా, యూరోస్టార్ హైస్పీడ్ రైళ్లకి రిజర్వేషన్ తప్పనిసరి. దాని రుసుము వేరే, ఉచిత పాస్ పిల్లలకీ కట్టాలి. యూరోస్టార్‌లో పాస్‌వాళ్లకి సీట్లు కొన్నే ఉంటాయి, కాబట్టి ముందు అది ఖాయం చేసుకుని మిగతా తేదీలు దాని చుట్టూ సర్దుకోండి. అందరివీ ఒకే బుకింగ్‌లో వేస్తే పక్కపక్కన దొరికే అవకాశం ఎక్కువ. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా రైళ్లలో ఈ గొడవ లేదు. ఊళ్లలో మెట్రోలు, ట్రాములకి సాధారణంగా ఈ పాస్ చెల్లదు.

స్విట్జర్లాండ్ ఒక్కటే చూసొచ్చేట్టయితే స్విస్ ట్రావెల్ పాస్ లెక్క కూడా వేయండి. దానితో స్విస్ ఫ్యామిలీ కార్డు ఉచితం, 16 ఏళ్లు నిండని పిల్లలు అమ్మ లేదా నాన్న వెంట డబ్బు కట్టకుండా తిరగొచ్చు. మన ఉదాహరణలో 13 ఏళ్ల అమ్మాయికి ఇక్కడే లాభం. కాకపోతే తాతయ్య వెంట వెళ్తే ఆ కార్డు పనికిరాదు.

ఫోన్ మార్చాల్సివస్తే పాత ఫోన్‌లోంచి పాస్ తీసేసి కొత్తదాంట్లో ఎక్కించుకోవచ్చు. ఫోనే పోతే యూరైల్ కస్టమర్ సర్వీస్‌కి చెప్పాలి. నంబర్లు రాసిన ఆ కాగితం ఫోన్ కవర్లో కాకుండా, అమ్మ హ్యాండ్‌బ్యాగులో ఉండాలి.